లోపలి పూత

స్ట్రాల్‌జుండ్,
6 మార్చి 1983

ప్రియమైన ఇర్మా అక్కకి,

కాఫీ పొట్లం, రోస్విటాకి పంపిన ఉన్ని రెండూ అందాయి. పార్సెల్‌ని ఎప్పటిలాగే సరిహద్దు దగ్గర ఎవరో విప్పి మళ్ళీ కట్టారు. ఈసారి ముడి నీకంటే వాళ్ళే బాగా వేశారు.

ఇవాళ నీతో అవసరం పడి రాస్తున్నాను. మా నాలుగు వందల లీటర్ల అక్వేరియం ఉంది చూడు, దాని కింది స్టాండు పాడైపోయింది. అప్పట్లో వేరే కలప దొరక్క, చెక్కపొట్టు నొక్కి చేసిన పలకలతో చేశాను. ఫిల్టరు ఆ స్టాండు లోపలే ఉంటుంది. గొట్టాలు విప్పినప్పుడల్లా నాలుగు చుక్కలు కారేవి. తుడిచేశాననే అనుకునేవాణ్ణి. ఆ నీళ్ళన్నీ పలక తాగేసింది. అడుగు రొట్టెలా ఉబ్బి, ఒక మూల విడిపోయింది. గురువారం పొద్దున రోస్విటా, "ఏమయ్యా, నీ చేపలు ఏటవాలుగా ఈదుతున్నాయేంటి?" అంది. చూస్తే ఏటవాలుగా ఉన్నవి చేపలు కావు.

ఇద్దరం బకెట్లతో నీళ్ళు మోసి మోసి చేపల్ని బాత్‌టబ్‌లోకి మార్చాం. పద్నాలుగు ఏంజెల్ చేపలు అందులో కాపురం పెట్టాయి. మేం వంటింటి సింకు దగ్గర స్నానాలు చేస్తున్నాం. కింది ఇంటి పాగెల్ గారు మెట్ల మీద నిలబడి, నాలుగు అంతస్తులకీ వినబడేలా, "అది కూలితే పడేది నా మంచం మీద! చచ్చేది నేను, నీ చేపలు కాదు!" అని అరిచింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

కొత్తదాన్ని పైన్ పలకలతో చేస్తున్నాను. నూట అరవై సెంటీమీటర్ల పొడవు, యాభై లోతు, డెబ్భై ఎత్తు. లోపలివైపంతా నీరు ఇంకకుండా పూత వెయ్యాలి. ఇక్కడ దొరికే వార్నిష్ రెండు నెలలకే పొలుసుల్లా లేచిపోతుంది. బావ పడవల షెడ్డులో పనిచేస్తాడు కదా. రెండు డబ్బాల్లో వస్తుందే, కలిపితే రాయిలా గట్టిపడే ఎపాక్సీ, అది ఒక కిలో పంపగలవా? పార్సెల్ మీద 'కానుక, అమ్మకానికి కాదు' అని రాయడం మర్చిపోకు.

నీ తమ్ముడు,
గెర్నోట్

లూబెక్,
19 మార్చి 1983

ఒరేయ్ గెర్నోట్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ బావ ఫోల్కర్‌కి చదివి వినిపిస్తే నవ్వాడు. తర్వాత, "పడవకి పూత బయట వేస్తాం. మీవాడు లోపల అంటున్నాడు. సరే, అర్థమైందిలే," అన్నాడు. నాకూ అర్థమైందిరా.

కిలో ఏం సరిపోతుంది? ఐదు కిలోలు పంపుతున్నాం. గాజునార గుడ్డ కూడా ఎనిమిది మీటర్లు పెట్టాం. కీళ్ళ మీద ఈ గుడ్డ పరిచి దానిమీద పూత వేస్తే ఎంత ఊగినా, ఎంత దెబ్బ తగిలినా విడదట.

ఎలా వెయ్యాలో ఫోల్కర్ చెప్పినట్టే రాస్తున్నాను. చెక్కని ఉప్పు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడువు. మూలలు పదునుగా ఉంచకు. ఆ ఎపాక్సీ రెజిన్‌లో సన్నని రంపపు పొట్టు కలిపితే లప్పంలా అవుతుంది. దాన్ని మూలల్లో చెంచా వీపుతో గుండ్రంగా లాగు. మొదటి పూత పల్చగా వెయ్యి, అది చెక్క తాగడానికి. మీద రెండు పూతలు. గదిలో కనీసం పదిహేను డిగ్రీలు ఉండాలి, చలిలో వేస్తే ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది. కాబట్టి మే నెల దాకా ఆగు. తొందరపడకు. మే దాటితే గాలి కూడా నెమ్మదిస్తుంది.

వెనక గది ఖాళీగానే ఉంది. పోయిన ఆదివారం కొత్త పరుపులు వేయించాను. రెండు.

అమ్మ పోయినప్పుడు కూడా నన్ను అక్కడికి రానివ్వలేదు. ఇరవై రెండేళ్ళయింది సరిహద్దు మూసేసి, నిన్ను చూసి. రోస్విటాని ముద్దాడానని చెప్పు.

నీ అక్క,
ఇర్మా

స్ట్రాల్‌జుండ్,
22 మే 1983

ప్రియమైన అక్కకి,

డబ్బాలు భద్రంగా అందాయి. ఐదు కిలోలెందుకే? ఈ వీధిలోని బీరువాలన్నిటికీ వేసినా మిగులుతుంది! గుడ్డ చూసి నవ్వుకున్నాను. చేపల తొట్టి స్టాండు ఎక్కడికైనా ఊగుతూ పోతుందా? అయినా బావకి నా కృతజ్ఞతలు చెప్పు.

మూలలకి లప్పం పెట్టడం అయింది. చెంచా పద్ధతి భలే పనిచేసింది. నిన్న మొదటి పూత వేశాను. పైన్ చెక్క దాహంతో ఉన్నట్టు తాగేసింది. ముందువైపు తలుపుల కింద మూడు వేళ్ళ ఎత్తున గడపలా ఒక చెక్క బిగించాను. గొట్టం ఊడినా నీళ్ళు గది నేల మీదికి రావు, లోపలే ఆగుతాయి. గాలి ఆడాలని వెనకవైపు పైభాగం తెరిచి ఉంచాను.

రోస్విటా ఈసారి ఆశ్చర్యపరుస్తోంది. పదకొండేళ్ళుగా నా చేపల వంక కన్నెత్తి చూడని మనిషి, ఇప్పుడు పక్కనే కూర్చుని రెజిన్ కలుపుతోంది. "ఇది ఎంత బరువు మోస్తుంది?" అని అడిగింది. ఐదు వందల కిలోలన్నాను. "ఉప్పునీటికి కూడా ఆగుతుందా?" అంది. "మనవి మంచినీటి చేపలే పిచ్చిదానా," అన్నాను. ఆమె నవ్వి నా చెయ్యి నొక్కింది. ఎందుకో తెలీలేదు, బాగుంది మాత్రం.

వాసనకి పాగెల్ గారు రోజూ చీపురు కర్రతో కప్పు కొడుతోంది. పోయిన వారం ఎవరో ఇద్దరు మనుషులు వచ్చి ఆవిడ్ని ఆ వాసన గురించే అడిగారట. ఇళ్ళ ఆఫీసు వాళ్ళయి ఉంటారు.

నీ
గెర్నోట్

లూబెక్,
1 జూన్ 1983

గెర్నోట్,

ఆ పాగెల్‌తో జాగ్రత్త. ఆమెతో ఏదీ మాట్లాడకు.

పూత ఆరడానికి పూర్తిగా వారం ఇవ్వు. నీళ్ళు పోసి పరీక్షించకుండా దేన్నీ నమ్మకు.

ఇంకో మాట. జూన్ ఇరవై తర్వాత ప్రతి ఆదివారం ఫోల్కర్ చేపలు పట్టడానికి పడవ వేసుకుని వెళ్తాడు. వాతావరణం బాగుంటే చాలా దూరమే వెళ్తాడు, తూర్పువైపు. ఊరికే చెబుతున్నాను.

ఇర్మా

స్ట్రాల్‌జుండ్,
16 జూన్ 1983

సోదరి ఇర్మా గారికి,

మేము క్షేమం. మీరు పంపిన సామగ్రి మాకు అవసరం లేదని తేలింది. ఇకమీదట రసాయనాలు గాని, గుడ్డలు గాని, ఇతర పనిసామాను గాని పంపవద్దని కోరుతున్నాను. మీ ఉత్తరాలలోని కొన్ని వాక్యాలు నాకు అర్థం కాలేదు. అటువంటివి మళ్ళీ రాయవద్దు.

మా దేశంలో మాకు ఏ లోటూ లేదు.

గెర్నోట్ హోల్ట్‌ఫ్రేటర్

లూబెక్,
25 జూన్ 1983

ప్రియమైన గెర్నోట్,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఇక్కడంతా బాగానే ఉంది. రోజూ వానలు. ఫోల్కర్‌కి నడుం నొప్పిగా ఉంది, పడవ ఒడ్డునే ఉంది.

రోస్విటా ఎలా ఉంది? ఆ ఒక్కటి రాయి చాలు.

ఇర్మా

స్ట్రాల్‌జుండ్,
20 జూలై 1983

అక్కా,

ఇది నీ చేతికిస్తున్న మనిషే పాగెల్ గారు. కంగారుపడకు. అరవై దాటినవాళ్ళని అటువైపు చుట్టాలింటికి పంపిస్తారు కదా, హాంబుర్గ్‌లో చెల్లెలింటికి వెళ్తూ దారిలో నీ దగ్గర దిగింది. తనే పైకొచ్చి, "మీ అక్కకి నాలుగు ముక్కలు రాసివ్వు. నా నడుం బిగించే కార్సెట్‌లో చెయ్యి పెట్టే మగాడు ఆ సరిహద్దు మీద ఇంకా పుట్టలేదు," అంది. ఆ ఇద్దరు మనుషులు అడిగినప్పుడు ఆవిడ చెప్పింది కూడా ఒకటే: పై ఇంటివాడికి చేపల పిచ్చి, వాడి స్టాండు నా నెత్తిన పడుతుంది, మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఇద్దర్నీ పట్టుకెళ్ళండి అని.

రోస్విటా బాగానే ఉంది. మొత్తం రాస్తాను, వరసగా.

జూన్ పద్నాలుగు, మంగళవారం పొద్దున ఏడున్నరకి రహస్య పోలీసులు నలుగురు వచ్చారు. నేను కాఫీ తాగుతున్నాను. నీ ఉత్తరాల నకళ్ళు వాళ్ళ చేతిలో ఉన్నాయి. పెద్దాయన బూడిదరంగు సూటులో ఉన్నాడు, గొంతు ఎక్కడా పెంచలేదు. "మే దాటితే గాలి నెమ్మదిస్తుంది. ఏ గాలండీ?" అన్నాడు. నాకు తెలీదన్నాను. "రెండు పరుపులు ఎవరికి? మీ బావ తూర్పువైపు ఎందుకొస్తాడు?" తెలీదన్నాను. అక్కా, నాకు నిజంగా తెలీదు! ఆయన ఒక్కో వాక్యం చదువుతుంటే, నీ ఉత్తరాలు నేనూ అప్పుడే మొదటిసారి చదువుతున్నట్టుంది. నీ మనసులో ఏముందో ఆయన గొంతులో విన్నాను.

స్టాండు చూపించాను. టేపు పెట్టి కొలిచారు. "దీనికి అడుగున నీళ్ళు చొరవు. పక్కల నుంచి చొరవు. దీన్నేమంటారు?" అన్నాడు. చేపల తొట్టి స్టాండు అంటారన్నాను. "ఎక్కి పడుకోండి," అన్నాడు.

నేను మీటరు ఎనభై ఆరు. స్టాండు మీటరు అరవై. మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడుకున్నాను. వాళ్ళలో ఒకడు ఫోటో తీశాడు. "మీ ఆవిడ కూడా పడుతుందా పక్కన?" అన్నాడు ఇంకొకడు. రోస్విటా గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ముఖం సున్నం కొట్టినట్టుంది. తర్వాత గొడ్డలి తెచ్చి అడుగుపలక పగలగొట్టారు, కింద ఇంకేమైనా దాచానేమోనని. రెండు దెబ్బలకి లొంగలేదు. మూడో దెబ్బకి చెక్క చీలింది గాని లప్పం పెట్టిన మూల మాత్రం ఊడలేదు. బావకి చెప్పు.

కుర్రాఫీసరు ఒకడు బాత్‌టబ్‌లోని చేపల్ని చూసొచ్చి పెద్దాయన చెవిలో ఏదో చెప్పాడు. అప్పటికి కొంత నమ్మకం కుదిరినట్టుంది. కానీ పార్సెల్ జాబితా తీసి, "గాజునార గుడ్డ ఎనిమిది మీటర్లు. ఏది?" అన్నాడు. వాడలేదు, ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. రోస్విటా ముందుకొచ్చి, "నేను వంటింటికి తెర కుడదామనుకున్నాను. సూది దిగలేదు. చెత్తలో పారేశాను," అంది. రెప్ప వెయ్యకుండా చెప్పింది.

నన్ను తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచారు. కొట్టలేదు. అడిగిందే అడిగారు. నీకు వచ్చిన ఆ ఉత్తరం అక్కడ కూర్చుని రాసిందే.

ఇంటికి రాగానే రోస్విటా తలుపు గడియ పెట్టి గౌను పైకెత్తి, లోపల చుట్టుకున్న గాజునార గుడ్డ విప్పింది. ఛాతీ నుంచి తొడల దాకా ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, గోళ్ళతో గీరిన చారలు. వాళ్ళు తలుపు కొట్టగానే ఆ గుడ్డ ఒంటికి చుట్టుకుందట. నేను వచ్చేదాకా, ఏ క్షణాన మళ్ళీ వస్తారోనని, రెండు రోజులు విప్పలేదు. గాజు పొడి చర్మంలో దిగిపోయింది. చల్లటి నీళ్ళు పోస్తూ అడిగాను.

"పారేశానని చెప్పావుగా. నిజంగానే పారేస్తే పోయేది కదా, ఎందుకు దాచావే?"

"అది లేకపోతే పడవ ఎలా పూర్తవుతుంది?"

"ఏ పడవ? స్టాండు అని నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నానుగా!"

"నాకు ఏమీ తెలియకూడదని అలా చెబుతున్నావనుకున్నాను. రేపు పట్టుకుని అడిగితే నేను అబద్ధం చెప్పాల్సిన పని లేకుండా." నా వైపు తిరిగి, "ఈ మూడు నెలలూ నిన్ను చూసి ఎంత గర్వపడ్డానో తెలుసా గెర్నోట్," అంది.

రెండు రోజులు వాళ్ళు అడిగిన వెయ్యి ప్రశ్నలకి నేను చలించలేదు. ఆ ఒక్క మాటకి చెంబు చేతిలోంచి జారిపోయింది. అటు నువ్వు, ఇటు ఆమె, మధ్యలో ఆ బూడిదరంగు సూటాయన, అందరూ నేను సముద్రం మీద పారిపోవడానికి పడవ చేస్తున్నాననే నమ్మారు. స్టాండు చేస్తున్నానని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే.

జవాబు పాగెల్ గారికే ఇవ్వు.

గెర్నోట్

లూబెక్,
29 జూలై 1983

నా తమ్ముడూ,

పాగెల్ గారు నా వంటింట్లో కూర్చుని కేకు తింటోంది. నేను ఈ గదిలో రాస్తున్నాను, ఆవిడ ముఖం చూస్తూ రాయలేక. జాగ్రత్త అని నీకు రాసింది ఆవిడ గురించేనని ఎలా చెప్పను?

తప్పు నాది. నువ్వు స్టాండు అని రాశావు, కొలతలు కూడా రాశావు. మీటరు అరవైలో ఇద్దరు పట్టరని చిన్నపిల్లని అడిగినా చెబుతుంది. నాకు అది కనపడలేదు. నువ్వు వస్తున్నావని చదవాలనుకున్నాను, అదే చదివాను. ఫోల్కర్ మొదటి రోజు నవ్వి ఊరుకున్నాడు గాని, తర్వాత, "మీవాడు నిజంగానే చేపల కోసం అడుగుతున్నాడేమో ఇర్మా," అన్నాడు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "నా తమ్ముడు నీకు తెలుసా నాకు తెలుసా" అని. నాకు తెలిసిన తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. నీకు నలభై నాలుగు.

తెలివిగా రాస్తున్నాననుకున్నాను చూడు, పరుపులు, గాలి, ఆదివారాలు! నిన్ను ఆ పెట్టెలో పడుకోబెట్టింది వాళ్ళు కాదు, నేను.

రోస్విటా ఒంటికి రాయడానికి మందు పంపుతున్నాను. ఆమెతో ఒకటి చెప్పు. ఆమె గర్వపడిన ఆ మూడు నెలలూ నేనూ గర్వపడ్డాను. అందుకు నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు. సిగ్గుపడాల్సింది మేమిద్దరం.

క్షమించమని అడగను. ఉత్తరం మాత్రం మానకు.

ఇర్మా

స్ట్రాల్‌జుండ్,
2 అక్టోబరు 1983

ప్రియమైన అక్కకి,

ఇది మామూలు పోస్టులోనే వేస్తున్నాను. నీకంటే ముందు దీన్ని చదివే పెద్దమనిషికి కూడా నా నమస్కారం. ఇందులో గూఢార్థాలేమీ లేవండీ, వెతుక్కుని కళ్ళు పాడుచేసుకోకండి.

చీలిన అడుగుపలక తీసేసి కొత్తది వేశాను. మిగిలిన రెజిన్‌తో మళ్ళీ మూడు పూతలు. రెండు బకెట్ల నీళ్ళు పోసి, నీటి అంచున పెన్సిల్‌తో గీత గీసి, రెండు రోజులు వదిలేశాను. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఆగస్టులో తొట్టి ఎక్కించాం. చేపలు ఇంటికి చేరాయి, మేం బాత్‌టబ్‌కి చేరాం.

సెప్టెంబరు ఇరవై మూడు, శుక్రవారం మేం ఇద్దరం పనికి వెళ్ళినప్పుడు ఫిల్టరు గొట్టం ఊడింది. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే స్టాండు అడుగంతా నీళ్ళు, గడప అంచుదాకా. తొట్టిలో నీళ్ళు తగ్గి గొట్టం నోరు పైకి తేలింది కాబట్టి అక్కడితో ఆగింది. గది నేల పొడిగా ఉంది. కిందికి పరిగెత్తాను. పాగెల్ గారి కప్పు మీద ఒక్క చుక్క లేదు. ఆవిడ, "అయితే ఇవాళ ఎవర్ని తిట్టాలి?" అంది. నాకు కలిగిన సంతోషం ఏం చెప్పను! రోస్విటాని చెయ్యి పట్టి లాక్కొచ్చి, "చూడు! ఒక్క చుక్క! ఒక్క చుక్కయినా పోయిందేమో చూడు!" అన్నాను.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఆ నీళ్ళలోకి చూసింది. వెక్కిరింతగా కాదు, అలిసిపోయిన గొంతుతో అంది, "ఎంత బాగా కట్టావయ్యా. లోపలున్నది ఏదీ ఎప్పటికీ బయటికి పోలేదు."

తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడిపోయాను. పదకొండేళ్ళుగా ఆమె నన్ను ఏదీ అడగలేదు. నేను కూడా అడగలేదు, నీకేం కావాలి అని. ఆ రోజే అడిగాను. ఆమె చెప్పింది.

సోమవారం ఇద్దరం వెళ్ళి, దేశం విడిచి వెళ్ళడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చాం. పేర్లు, పుట్టిన తేదీలు, కారణం. కారణం దగ్గర 'అక్కతో కలిసి ఉండటానికి' అని రాశాను. బుధవారం నన్ను ఆఫీసులో నక్షాలు గీసే డ్రాయింగు గదిలోంచి తీసి గోదాములో మేకుల లెక్కకి వేశారు. రోస్విటాని బడి నుంచి తప్పించారు, ఇప్పుడు ఒక లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. తోటి టీచర్లు వీధిలో కనపడితే అవతలి పక్కకి దాటుతున్నారు. ఎన్నేళ్ళు పడుతుందో, అసలు ఒప్పుకుంటారో లేదో తెలీదు. భయంగా ఉంది. ఆ భయం కూడా ఇద్దరం పంచుకుంటున్నాం, అది కొత్త.

గెర్నోట్

లూబెక్,
11 అక్టోబరు 1983

గెర్నోట్, రోస్విటా,

ఉత్తరం అందింది. ఈసారి నేనేమీ పంపను, ఏమీ చెప్పను, ఏమీ ఊహించను. ఇక్కడే ఉన్నాను.

ఇర్మా

గీసెన్, శరణార్థుల శిబిరం,
15 మార్చి 1984

అక్కా,

ఫోన్‌లో నువ్వు ఏడుస్తూ ఉండటంతో సగం మాటలు వినపడలేదు, అందుకే రాస్తున్నాను. నాలుగు రోజుల్లో కాగితాలు పూర్తవుతాయట.

సోమవారం పొద్దున పిలిచారు. బూడిదరంగు సూటాయనే. కాగితం ముందుకు తోసి, "రేపు మధ్యాహ్నం రైలు. మనిషికి ఒక పెట్టె," అన్నాడు. నేను లేస్తుంటే, "ఆ స్టాండు నిజంగా స్టాండేనా?" అన్నాడు. "అప్పుడు అవునండీ," అన్నాను.

చేపల్ని మా అక్వేరియం సంఘంలో ఒకాయన పాలక్యానుల్లో పట్టుకెళ్ళాడు. తొట్టి కూడా ఆయనకే ఇచ్చాను. స్టాండు మాత్రం పాగెల్ గారు కావాలంది. దొడ్లో బొగ్గు పోసుకుంటుందట, వాన పడినా తడవదని. నేను కష్టపడి నునుపు చేసిన మూలల్లోకి ఆవిడ బొగ్గు కుమ్మరిస్తుంటే మనసొప్పక అటు తిరిగాను. "మొహం అలా పెట్టకు. మీ అక్కకి నేనొక కేకు బాకీ ఉన్నానని చెప్పు," అని నన్ను కావలించుకుంది. నల్లటి చేతులు. నా చొక్కా వీపున రెండు మరకలు ఉన్నాయి, ఇంకా ఉతకలేదు.

సరిహద్దు దగ్గర రైలు గంటన్నర ఆగింది. కుక్కలు, అద్దాలు, సీట్ల కింద టార్చి లైట్లు. రోస్విటా నిటారుగా కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. వాళ్ళు ఆమె పెట్టె రెండుసార్లు విప్పారు. బండి కదిలింది. కాసేపటికి ఇటువైపు టికెట్ల ఆయన వచ్చి, "శుభ మధ్యాహ్నం," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె వైపు తిరిగి చూస్తే, నిద్రపోతోంది.

కునికిపాటు కాదు అక్కా. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా, ఒళ్ళు తెలియని నిద్ర. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె అలా నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. తల నా భుజం మీదికి వాలింది. లేస్తుందేమోనని గీసెన్ దాకా నేను కదల్లేదు. భుజం ఇంకా పట్టేసినట్టే ఉంది.

సోమవారం మూడు గంటల బండికి వస్తున్నాం.

గెర్నోట్